పదకొండు సెకన్లు

సాల్ఫర్డ్‌లో, ట్రాము మలుపు తిరిగే చోట
నాలుగో అంతస్తులో నా బల్ల.
కిటికీ అవతల ఓడలు రాని రేవు.
పిల్లల చానల్ అడుగున
తెల్లటి అక్షరాలు పరవడం నా పని,
వినపడని పిల్లల కోసం
వినపడేదంతా రాసిపెట్టడం.
ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే
చప్పుళ్ళు ఏరుతుంటానంటాను,
బియ్యంలో రాళ్ళలా కాదు,
రాళ్ళలో బియ్యంలా.

తలుపు కిర్రుమంది.
కుక్క మొరిగింది.
సంగీతం, హుషారుగా.
సంగీతం, మళ్ళీ హుషారుగా.
మా చానల్లో ఏడుపొచ్చినా
అర నిమిషం దాటనివ్వరు.

వాన దగ్గరే చేతులాగిపోతాయి.
ఒక్క వరసలో పట్టాలి, ఇంగ్లీషులో.
నా నోట్లోనేమో
తుంపర, ముసురు, జడి,
రేకుల మీద టపటప
రేషన్ షాపు ముందు జనంలా తోసుకుంటుంటాయి.
వాన పడుతోంది, అని రాసి
మిగతా వానల్ని ఇంటికి పంపేస్తాను.

ఆరేళ్ళుగా నాకు అప్పజెప్పింది ఒక గాడిదని.
పేరు బార్నబీ. ఉన్నిగుడ్డ చెవులు,
గుండీ కన్నొకటి కాస్త వదులు.
బ్లాక్‌పూల్ ఇసకలో పిల్లల్ని మోసి మోసి
రిటైరైందని కథ.
నీతులు చెప్పదు, ఓండ్ర పెడుతుంది.
చిన్నప్పుడు అడ్డగాడిదా అనిపించుకున్నదాన్ని,
ఇప్పుడు దాని ఓండ్రకి స్పెల్లింగు నాదే.

ఆ గాడిద లోపలి చెయ్యి
విల్ఫ్ ఎంట్విజిల్‌ది.
టీలో బిస్కట్టు ముంచి, మాటల్లో పడి మరిచిపోయి,
అడుగున మిగిలిన ముద్దని
చెంచాతో తినే మనిషి.
నవంబరులో పోయాడు.
గాడిద మిగిలింది.

పై అంతస్తులో మీటింగులు:
కొత్త చెయ్యి పెడదామా,
ఊరెళ్ళిందని చెబుదామా,
చావన్న మాట పిల్లలకి
సాయంత్రం తిండికి ముందా, తర్వాతా.
జనవరిలో ఒక ఎపిసోడ్ నా దగ్గరకొచ్చింది.

బార్నబీ ఇసకలో ఉంది.
ఎవరూ ఎత్తిపట్టుకోలేదు. తల ఒక పక్కకి వాలింది.
పక్కన ఖాళీ టీ కప్పు.
మిగతా బొమ్మలొచ్చి చుట్టూ కూర్చున్నాయి.
పదకొండు సెకన్లు.
సంగీతం లేదు. సముద్రాన్ని కూడా తీసేశారు.

ఖాళీ వదలకూడదు, అది మా రూలు.
వదిలితే టీవీ పాడైందనుకుని
పిల్లలు రిమోట్‌ని నేలకేసి కొడతారు.

నిశ్శబ్దం, అని రాశాను.
కొట్టేశాను. అది లైబ్రరీ గోడ మీది మాట.
సంగీతం లేదు, అన్నాను.
లేని మిఠాయి చూపించి ఊరించినట్టుంది.
ఎవరూ మాట్లాడటం లేదు.
అది మొగుడూ పెళ్ళాల తగువులా ఉంది.
ట్రాములు వచ్చాయి, పోయాయి.
నా టీ చల్లారింది, అందులో బిస్కట్టు కూడా లేదు.
చీకటి పడ్డాక రాశాను:
ఇప్పుడు ఎవరికీ ఏమీ వినిపించడం లేదు.

మూడు వారాలకి ఓల్డమ్ నుంచి ఉత్తరం,
ఎనిమిదేళ్ళ ఇన్సియా, ఊదారంగు క్రేయాన్‌తో:
నువ్వు రాసింది నిజమేనా అని అన్నయ్యనడిగాను.
నిజమే, నాకూ ఏం వినపడలేదన్నాడు.
నాన్నమ్మనడిగాను. నాన్ననడిగాను.
అంతసేపూ మా ఇంట్లో అందరం
ఒకేలా విన్నాం.
ఇంకోసారి అలాంటిది పెట్టండి.

కాగితం తిప్పితే వెనక ఇంకో వాక్యం,
దాని కింద రెండు గీతలు:
గాడిద కన్ను ఊడిపోయేలా ఉంది,
మీకెవరికీ కనపడదా?

స్టోర్ రూం తాళం
ఎవరి దగ్గరుందో కనుక్కుంటున్నాను.